తాళం కొనేముందు తలుపు చూడండి: బెంగళూరు ఇళ్లకు ఏ లాక్ నప్పుతుంది?

బెంగళూరులో అద్దె ఫ్లాట్‌లోకి దిగిన రోజు ఓనర్ రెండు తాళంచెవులు చేతిలో పెడతారు. అంతకుముందు అక్కడ ఉండి వెళ్లినవాళ్లు ఎన్ని డూప్లికేట్లు చేయించుకున్నారో, వాటిలో ఎన్ని తిరిగొచ్చాయో ఆయనకూ తెలియదు. ఒకటి పాత వంటమనిషి దగ్గర ఉండిపోవచ్చు, ఇంకోటి బ్రోకర్ టేబుల్ సొరుగులో ఉండొచ్చు. గీజర్ పనిచేస్తోందా, కావేరి నీళ్లు ఎప్పుడొస్తాయి, బండి ఎక్కడ పెట్టుకోవాలి అని అన్నీ అడుగుతాం గానీ, ఈ తలుపు తాళంచెవి ఇంకెవరి దగ్గరుంది అని మాత్రం అడగం.

సంక్రాంతికి మారతహళ్లి, కేఆర్ పురం, ఎలక్ట్రానిక్ సిటీ నుంచి మనవాళ్లు ఊళ్లకు బయల్దేరే వారంలో తాళం సంగతి అందరికీ ఒకేసారి గుర్తొస్తుంది. ఆ హడావుడిలో హార్డ్‌వేర్ షాపుకెళ్లి "మంచి లాక్ ఇవ్వండి" అంటే, షాపతను తన దగ్గరున్న ఖరీదైనది తీసి చూపిస్తాడు. అది మంచిదే కావచ్చు. కానీ మీ తలుపు మందానికి సరిపోతుందా, మీ ద్వారబంధం దాన్ని మోస్తుందా, మీ ఇంట్లో పెద్దవాళ్లు దాన్ని తీయగలరా అన్నది అతనికి తెలిసే విషయం కాదు. అందుకే లాక్ ఎంచుకునేటప్పుడు నేను చూసే వరుస ఇది: మొదట నాలుక, అంటే లాక్ వేస్తే తలుపు అంచులోంచి బయటికొచ్చే లోహపు ముక్క, తర్వాత ద్వారబంధం, ఆ తర్వాత తాళంచెవులు ఎవరి చేతిలో ఉంటాయన్నది. బ్రాండ్ పేరు అన్నిటికన్నా చివర.

లోపల ఏం జరుగుతుంది

మన షాపుల్లో దొరికే మామూలు లాకులు లోపలి పనితనాన్ని బట్టి ప్రధానంగా రెండు రకాలు: లీవర్ లాక్, పిన్ సిలిండర్ లాక్.

లీవర్ లాక్‌లో పలుచని రేకులు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి. ఒక్కో రేకులో ఒక్కో గాడి. చెవి తిప్పినప్పుడు దాని పళ్లు ఒక్కో రేకును ఒక్కో ఎత్తుకు లేపుతాయి. గాడులన్నీ ఒకే వరుసలోకి వస్తేనే గడియకున్న చిన్న మొన వాటిలోంచి దూరి గడియ కదులుతుంది. ఒక రేకు తక్కువ లేచినా కదలదు, ఎక్కువ లేచినా కదలదు. ఎక్కువ లేచినా ఆగిపోవాలన్న ఈ ఏర్పాటుకు ఇంగ్లండ్‌లో రాబర్ట్ బారన్ 1778లో పేటెంట్ తీసుకున్నాడు. మన తాళంకప్పల మీద 6 లీవర్లు, 7 లీవర్లు, 8 లీవర్లు అని చెక్కి ఉండేది ఈ రేకుల లెక్కే. లీవర్లు ఎక్కువైతే దొంగచెవితో తీయడం కష్టం. అంతవరకే. కప్ప కడ్డీ గట్టిదా కాదా అన్నదానికి ఆ అంకెతో సంబంధం లేదు.

పిన్ సిలిండర్ వేరు. ఇప్పుడు ఫ్లాట్ల మెయిన్ డోర్లకు ఎక్కువగా కనిపించేది ఇదే. చెవి దూరే చోట గుండ్రంగా తిరిగే ఇత్తడి భాగాన్ని ప్లగ్ అంటారు. దాని పైవైపు వరుసగా ఐదో ఆరో సన్నటి రంధ్రాలు ఉంటాయి. ఒక్కో రంధ్రంలో కింద ఒక పిన్, దానిమీద ఇంకో పిన్, ఆ పైన ఒక స్ప్రింగ్. చెవి లేనప్పుడు స్ప్రింగ్ నొక్కుడుకు పై పిన్ను సగం ప్లగ్‌లోకి, సగం బయటి గొట్టంలోకి ఉండి ప్లగ్‌ను తిరగనివ్వదు. సరైన చెవి లోపలికి వెళ్తుంటే దాని ఎత్తుపల్లాల మీద పిన్నులు టిక్కు టిక్కుమని ఎక్కి దిగుతాయి. చెవి పూర్తిగా దిగాక, ప్రతి రంధ్రంలోనూ కింది పిన్ను, పై పిన్ను కలిసే చోటు సరిగ్గా ప్లగ్ అంచు దగ్గరికి వచ్చి ఆగుతుంది. అప్పుడే ప్లగ్ తిరుగుతుంది. ఒక్క పిన్ను వెంట్రుకవాసి తేడాగా ఉన్నా తిరగదు.

ఈ పద్ధతికి మూలం వేల ఏళ్ల నాటి ఈజిప్టు చెక్క తాళాల్లో ఉంది. దాన్ని ఇప్పుడు మనం చూస్తున్న చిన్న బల్లపరుపు చెవి రూపంలోకి తెచ్చింది అమెరికాలో లైనస్ యేల్ తండ్రీకొడుకులు. తండ్రి పేటెంట్ 1848 నాటిది, కొడుకు పేటెంట్లు 1860ల నాటివి. ఐదు పిన్నులుండి, ఒక్కోదానికి ఆరు ఎత్తులు ఉంటే కాగితం మీద 7,776 రకాల చెవులు వస్తాయి. ఆరు పిన్నులైతే 46,656. తయారీలో అన్ని కూర్పులూ వాడటం కుదరదు, అయినా ఒక్క పిన్ను పెరిగితే ఎంత తేడా వస్తుందో దీంతో తెలుస్తుంది. షాపుల్లో 'కంప్యూటర్ కీ' అని ఇచ్చేది కూడా చాలావరకు పిన్ లాకే. పళ్ల బదులు చెవి పక్కల్లో గుంటలుంటాయి, పిన్నులు ఒకటికన్నా ఎక్కువ వైపుల నుంచి వస్తాయి. ఫుట్‌పాత్ మీద డూప్లికేట్ చేసే అతనికి దాన్ని అరగదీయడం మామూలు చెవి అంత సులువు కాదు. అద్దె ఇళ్లలో ఆ ఒక్క కారణం చాలు దాన్ని ఎంచుకోవడానికి.

అసలు తీయలేని తాళం అంటూ ఉంటుందా? 1851లో లండన్‌లో మహా ప్రదర్శన జరుగుతున్న రోజుల్లో ఆల్‌ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికన్ దీనికి జవాబు చెప్పాడు. ఎవరూ తీయలేరని పేరుబడ్డ చబ్ లాక్‌ను తీశాడు. ఆ తర్వాత బ్రామా లాక్‌కు దాదాపు 51 గంటలు, 16 రోజుల మీదుగా పట్టింది గానీ, దాన్నీ తీశాడు. కాబట్టి తాళం కొనడం అంటే సమయం కొనడమే. మెట్ల మీద ఎవరైనా వస్తారేమో అని భయపడే మనిషికి పది నిమిషాలు కూడా చాలా ఎక్కువ.

ఈ పిన్నుల గురించి ఇంత చెప్పడానికి ఇంకో కారణం ఉంది. చెవి గట్టిగా తిరుగుతోందనగానే మనవాళ్లు కొబ్బరినూనె చుక్క వేస్తారు. దయచేసి వేయకండి. కొబ్బరినూనె దాదాపు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, బెంగళూరు డిసెంబరు తెల్లవారుజాములు అంతకన్నా చాలా చల్లగా ఉంటాయి. గడ్డకట్టిన నూనె, దానికి పట్టిన రోడ్డు దుమ్ము కలిసి ఆ సన్నటి రంధ్రాల్లో పిన్నుల్ని బిగదీస్తాయి. గ్రాఫైట్ పొడి వేయాలి. అది దొరక్కపోతే మెత్తటి పెన్సిల్ మొనను చెవి గాడుల మీద బాగా రుద్ది, నాలుగైదుసార్లు దూర్చి తీయండి.

నాలుక మీద బొటనవేలు పెట్టి చూడండి

లాక్ మంచిచెడ్డలు తెలుసుకోవడానికి నాకు తెలిసిన తేలికైన పరీక్ష ఇది. తలుపు తెరిచి ఉంచి, లాక్ వేయండి. తలుపు అంచులోంచి నాలుక బయటికొస్తుంది. దాన్ని బొటనవేలితో లోపలికి నొక్కండి.

లోపలికి వెళ్లిపోతే అది స్ప్రింగ్ నాలుక. దాని ముఖం ఒకవైపు ఏటవాలుగా ఉంటుంది కాబట్టే తలుపు తోసినప్పుడు దానంతటదే పడుతుంది. మనకు సుఖం అక్కడే, ప్రమాదం కూడా అక్కడే. తలుపుకూ ద్వారబంధానికీ మధ్య సందు ఉంటే, గట్టి ప్లాస్టిక్ ముక్కతో ఆ ఏటవాలును వెనక్కి నెట్టేయవచ్చు. పైగా చెత్త బయట పెడదామని వెళ్లినప్పుడు గాలికి తలుపు పడిందంటే, స్టవ్ మీద పాలు లోపల, మనం బయట.

ఎంత నొక్కినా కదలకపోతే అది డెడ్‌బోల్ట్. దాని వెనక స్ప్రింగ్ ఉండదు. చెవితోనో లోపలి నాబ్‌తోనో తిప్పితేనే వెనక్కి వెళ్తుంది. మెయిన్ డోర్‌కు ఏ లాక్ పెట్టినా, ఏ పేరుతో కొన్నా, అందులో డెడ్‌బోల్ట్ ఉండి తీరాలి. ఒక అంగుళం దాకా బయటికొచ్చేదైతే ఇంకా నయం. చాలా ఇళ్లలో తలుపు లాగి వేసి, లాక్ పడింది కదా అని వెళ్లిపోతారు. నిజానికి పడింది స్ప్రింగ్ నాలుక ఒక్కటే, డెడ్‌బోల్ట్ పడాలంటే చెవి తిప్పాలి. ఇంట్లో అందరికీ ఇది చేతికి అలవాటయ్యేలా చెప్పండి.

ఎక్కడ బిగిస్తారు అన్నదాన్నిబట్టి

తాళంకప్ప, గొళ్లెం మనకు తరతరాలుగా తెలిసిన జంట. అలీగఢ్ తాళాలకు ఎప్పటినుంచో పేరుంది, మన పక్కనున్న దిండిగల్ తాళానికి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది, అర్దేశిర్ గోద్రెజ్ 1897లో బొంబాయిలో వ్యాపారం మొదలుపెట్టింది తాళాలతోనే. ఊళ్లో ఇంటికి, గేటుకు, గోడౌన్‌కు ఇప్పటికీ కప్పే సరైనది. కానీ ఫ్లాట్ మెయిన్ డోర్‌కు బయట కప్ప వేలాడుతుంటే ఇంట్లో ఎవరూ లేరని మెట్లెక్కే ప్రతివాడికీ మనమే చెప్పినట్టు. ఇంకో చిక్కు ఆల్‌డ్రాప్, అంటే కప్ప తగిలించే పొడవాటి గడియ, దాని మరలతోటి. మరల తలలు బయటికి కనిపిస్తే కప్పను ముట్టుకోనక్కర్లేదు, స్క్రూడ్రైవర్ చాలు. కప్ప వాడక తప్పకపోతే ఆల్‌డ్రాప్‌ను తలుపులోంచి బోల్టులు దూర్చి లోపలివైపు నట్లు బిగించాలి, కడ్డీ గట్టిపరిచిన స్టీలుది కావాలి, కడ్డీకీ కప్ప ఒంటికీ మధ్య ఖాళీ వీలైనంత తక్కువగా ఉండాలి. నొక్కితే పడే కప్ప కన్నా చెవి తిప్పితేనే పడే కప్పను ఎంచుకోండి. చెవి లోపల మర్చిపోవడం ఉండదు, సన్నటి రేకు దూర్చి తెరిచే అవకాశమూ తగ్గుతుంది. ఒంగోలు, నెల్లూరు లాంటి సముద్రం గాలి తగిలే ఊళ్లకైతే ఇత్తడి ఒళ్లున్నదే తీసుకోండి, ఇనుము తుప్పు పడుతుంది.

రిమ్ లాక్ అంటే తలుపు లోపలివైపు పైకి కనిపించేలా బిగించే పెట్టె. నైట్ ల్యాచ్ అందులో చిన్న రూపం, స్ప్రింగ్ నాలుక మాత్రమే ఉంటుంది. దాన్ని ఒంటరిగా మెయిన్ డోర్‌కు నమ్మవద్దు. మూడు కడ్డీలు బయటికొచ్చే ట్రై‌బోల్ట్ రకం సంగతి వేరు. తలుపును పెద్దగా చెక్కనక్కర్లేదు కాబట్టి 30 మిల్లీమీటర్ల పలుచని ఫ్లష్ డోర్‌కు కూడా బలం తగ్గదు. చూడటానికి అంత అందంగా ఉండదు, ఆ ఒక్క కారణంతో ఇంటీరియర్ డిజైనర్లు వద్దంటారు. పాత అపార్టుమెంట్ తలుపులకు నా ఓటు మాత్రం దీనికే.

మోర్టైజ్ లాక్‌ను తలుపు మందంలోనే గుంట తవ్వి లోపల దించుతారు. బయటికి హ్యాండిల్, చెవి రంధ్రం మాత్రమే కనిపిస్తాయి. లోపల స్ప్రింగ్ నాలుక, డెడ్‌బోల్ట్ రెండూ ఉంటాయి. 35 నుంచి 40 మిల్లీమీటర్లు, ఆపైన మందమున్న గట్టి చెక్క తలుపుకు ఇది చాలా బాగుంటుంది. పలుచని తలుపుకు పెడితే గుంట తవ్విన చోట రెండువైపులా మిగిలేది సన్నటి చెక్కే, గట్టిగా తన్నితే అక్కడే చీలుతుంది.

సిలిండర్ రకం మోర్టైజ్‌తో పెద్ద లాభం, చెవి దూరే ఆ సిలిండర్ విడిగా రావడం. తలుపు అంచున నాలుక కింద ఒక పొడవాటి మర ఉంటుంది. దాన్ని విప్పి, చెవిని కొంచెం తిప్పి లాగితే సిలిండర్ చేతిలోకి వచ్చేస్తుంది. కొత్తది దూర్చి అదే మర బిగిస్తే అయిపోయింది. స్క్రూడ్రైవర్ పట్టుకోగలిగిన ఎవరైనా చేసుకోవచ్చు, తలుపుకు కొత్త రంధ్రం పడదు, ఓనర్‌తో గొడవ ఉండదు. కాకపోతే ఆ మర దూరే మధ్యభాగంలోనే సిలిండర్ సన్నగా ఉంటుంది. అది తలుపు ప్లేటు నుంచి బాగా బయటికి పొడుచుకొస్తే పట్టకారుతో పట్టి అక్కడికి విరిచేయడం సాధ్యమే. రెండు మూడు మిల్లీమీటర్లకు మించి బయటికి కనిపించకూడదు. యాంటీ స్నాప్ రకం దొరికితే దానికే డబ్బు పెట్టండి.

గుండ్రటి నాబ్ మధ్యలోనే చెవి ఉండే సిలిండ్రికల్ లాక్ పడకగదులకు, బాత్రూములకు పరిమితం చేయండి. అంతకుమించి దాని గురించి చెప్పేదేమీ లేదు.

షాపులో "వన్ సైడ్ కీయా, బోత్ సైడ్ కీయా" అని అడుగుతారు. బోత్ సైడ్ కీ అంటే లోపలినుంచి తీయడానికీ చెవి కావాలి. తలుపు పక్కన అద్దం ఉంటే పగలగొట్టి చెయ్యి పెడతారన్న భయంతో కొందరు అది కోరుకుంటారు. నేను గట్టిగా వద్దంటాను. అర్ధరాత్రి వంటింట్లో గ్యాస్ వాసనో, షార్ట్ సర్క్యూట్ పొగో వచ్చినప్పుడు చీకట్లో చెవి కోసం తడుముకునే పరిస్థితి ఇంట్లో పిల్లలకు, పెద్దలకు రాకూడదు. బయట చెవి, లోపల నాబ్ ఉన్నదే తీసుకోండి. లోపల చెవి అలాగే వదిలేస్తే బయటి చెవి పనిచేయకపోవడం మామూలు బోత్ సైడ్ సిలిండర్లలో ఉండే ఇంకో ఇబ్బంది, నాబ్ ఉన్నదానికి అది లేదు.

డిజిటల్ లాక్ ఎవరికి, ఎవరికి వద్దు

వేలిముద్ర, నంబరు, కార్డు, ఫోన్ యాప్, వీటిలో ఏదైనా లోపలి చిప్ సరిపోల్చుకుని సరే అంటే, చిన్న మోటారు గడియను తిప్పుతుంది. కొన్నిటిలో మోటారు గడియను తిప్పదు, హ్యాండిల్‌ను గడియకు కలుపుతుంది, తిప్పేది మన చెయ్యే. ఇందులో కూడా తలుపును పట్టుకుని ఉండేది చివరికి మామూలు గడియే. కాబట్టి పాతిక వేలు పెట్టే ముందు కూడా ఆ బొటనవేలి పరీక్ష చేయాల్సిందే. కొన్ని చౌక రకాల్లో డెడ్‌బోల్ట్ ఉండదు, ఒక్క స్ప్రింగ్ నాలుకే ఉంటుంది.

కరెంటు పోతే ఎలా అని చాలామంది అడుగుతారు. కరెంటుతో దానికి సంబంధం లేదు, చాలావాటికి నాలుగో ఎనిమిదో డబుల్ ఏ బ్యాటరీలు ఉంటాయి. అయిపోయే ముందు కొన్ని వారాలపాటు హెచ్చరిక శబ్దం చేస్తుంది. పూర్తిగా అయిపోతే బయటివైపు కింద 9 వోల్టుల బ్యాటరీ ఆనించే చోటో, పవర్ బ్యాంక్ పెట్టే యూఎస్‌బీ రంధ్రమో ఉంటుంది. ఇది ఉందో లేదో కొనే ముందే చూడండి. మామూలు చెవి రంధ్రం కూడా ఉన్నదే కొనండి, ఆ చెవిని ఇంట్లో బీరువాలో దాచకండి. అవసరం పడేది మనం బయట ఉన్నప్పుడే కదా. ఆఫీసు డెస్కులోనో, వేరే ఏరియాలో ఉన్న తమ్ముడింట్లోనో పెట్టండి.

దీనివల్ల అసలు మేలు జరిగేది చెవులు పంచాల్సిన ఇళ్లకు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్తే, మధ్యాహ్నం స్కూలు నుంచి పిల్లాడు, సాయంత్రం వంటావిడ వస్తారు. ఆవిడకు ఒక నంబరు ఇచ్చి, పని మానేసిన రోజు దాన్ని తీసేస్తే సరిపోతుంది. ఊరినుంచి అమ్మానాన్నలు తెల్లవారుజామున బస్సు దిగి వచ్చేసరికి మీరు నైట్ షిఫ్టులో ఉంటే, ఓటీపీ పంపితే వాళ్లే లోపలికి వెళ్తారు. దూరం నుంచి ఇవన్నీ చేయాలంటే చాలావాటికి వైఫై కావాలి, బ్లూటూత్ మాత్రమే ఉన్నది తలుపు దగ్గరున్నప్పుడే పనిచేస్తుంది. వైఫై బ్యాటరీని ఎక్కువగా తింటుందన్నదీ గుర్తుంచుకోవాలి.

వేలిముద్ర మీద మాత్రం ఒక మాట. మా అత్తయ్యగారు జీవితమంతా ఇంటిపని, పొలం పని చేసిన మనిషి. ఆవిడ వేళ్ల మీద గీతలు దాదాపు అరిగిపోయాయి. చింతపండు పిసికిన చేతిని కొంగుకు తుడుచుకుని వేలు పెడితే లాక్ ఎర్ర లైటు చూపిస్తుంది, మళ్లీ తుడిచి పెడితే మళ్లీ ఎర్ర లైటే. మూడోసారికి ఆవిడ ముఖంలో కనిపించే ఇబ్బంది చూస్తే మనకే బాధేస్తుంది, సొంత ఇల్లే తనను లోపలికి రానివ్వనట్టు. పెద్దవాళ్లుండే ఇంట్లో వాళ్ల పేరున కార్డు తయారుచేసి తాళిబొట్టు గొలుసుకో, జేబులో పర్సుకో తగిలించేలా ఇవ్వండి. నంబరు కన్నా అది తేలిక. నంబరు వాడేవాళ్లకు అసలు అంకెల ముందూ వెనకా దొంగ అంకెలు నొక్కే సదుపాయం ఉన్న రకం మంచిది, పక్కన నిలబడ్డవాళ్లకు అర్థం కాదు. కంపెనీ పెట్టిచ్చిన మొదటి నంబరు బిగించిన రోజే మార్చేయండి.

ఇంకో సంగతి, ఇది బెంగళూరు ఫ్లాట్లలో ఎక్కువ. మెయిన్ డోర్ బయట ఇనుప గ్రిల్ తలుపు, దానికి కప్ప. లోపలి చెక్క తలుపుకు డిజిటల్ లాక్ పెట్టించినా, గ్రిల్ కప్ప కోసం చెవి మోయక తప్పదు. చెవి లేకుండా తిరగాలన్నదే మీ కోరికైతే ముందు గ్రిల్ సంగతి తేల్చుకోండి. రెండు తలుపుల మధ్య ఖాళీ కొలవడం కూడా మర్చిపోవద్దు. డిజిటల్ లాక్ హ్యాండిల్ బాగా ముందుకు పొడుచుకొస్తుంది, గ్రిల్‌కు తగిలితే ఏదో ఒక తలుపు మూసుకోదు. జల్లు కొట్టే బయటి గేటుకు, ఎండావానా నేరుగా తగిలే ఇండిపెండెంట్ ఇంటి తలుపుకు పైన సన్‌షేడ్ లేకుండా పెట్టకండి.

ద్వారబంధం గట్టిగా లేకపోతే

తలుపును తన్నినప్పుడు చాలాసార్లు ఓడిపోయేది లాక్ కాదు. నాలుక వెళ్లి కూర్చునే స్ట్రైక్ ప్లేటు. ఒకసారి దాని మర విప్పి చూడండి. అర అంగుళం, ముప్పావు అంగుళం మరలు కనిపిస్తే, ఎనిమిది వేల లాక్‌ను పట్టుకుని ఉన్నది వేలి గోరంత చెక్క అన్నమాట. ద్వారబంధం గట్టి చెక్కదైతే రెండున్నర, మూడు అంగుళాల మరలు వేయిస్తే అవి గోడ దాకా వెళ్లి పట్టుకుంటాయి, గోడలో మర పట్టేందుకు తగిన వాల్ ప్లగ్ వేయించాలి. కొత్త అపార్టుమెంట్లలో కొన్నిచోట్ల ద్వారబంధం లోపల బోలుగా ఉంటుంది. వేలితో తట్టితే శబ్దంలోనే తెలుస్తుంది. అక్కడ పొడవాటి స్టీల్ ప్లేటు వేయించి నాలుగైదు చోట్ల గోడకు పట్టించాలి. దీనికయ్యే ఖర్చు లాక్ ఖరీదులో చిన్న వంతు, దాంతో వచ్చే బలం ఇంకే లాక్‌తోనూ రాదు. గ్రిల్ తలుపు కప్పకైతే చుట్టూ ఇనుప డబ్బా వెల్డింగ్ చేయిస్తే కట్టర్ లోపలికి పట్టదు.

మీ ఇంటికి ఏది

పీజీలో ఉంటే గది గొళ్లేనికి సొంత కప్ప ఒకటి, కప్‌బోర్డుకు ఇంకోటి కొనుక్కోండి. మూడు చక్రాల నంబరు తాళం వద్దు. అందులో ఉండేవి వెయ్యి కూర్పులే, ఒక్కోదానికి మూడు సెకన్లనుకున్నా గంటలోపే అన్నీ తిప్పి చూసేయొచ్చు.

అద్దె ఫ్లాట్ అయితే సిలిండర్ మార్చుకోవడమే ఉత్తమం. ఆరు పిన్నులున్న కంప్యూటర్ కీ సిలిండర్ సుమారు వెయ్యి నుంచి రెండున్నర వేల లోపు వస్తుంది. ఓనర్‌కు ముందే చెప్పండి, పాత సిలిండర్‌ను చెవులతో సహా కవర్లో చుట్టి పెట్టుకోండి. ఖాళీ చేసేటప్పుడు అది బిగించి, మీది మీరు తీసుకుపోండి. అడ్వాన్సులో కోత పెట్టడానికి ఎవరికీ కారణం దొరకదు. అద్దె ఇంటికి డిజిటల్ లాక్ నేనైతే సలహా ఇవ్వను. తలుపుకు పడిన కొత్త రంధ్రాలు అడ్వాన్సు లెక్కల్లోకి వస్తాయి, తర్వాతి ఇంటి తలుపుకు అదే లాక్ సరిపోకపోవచ్చు.

సొంత ఫ్లాట్ అయి, తలుపు గట్టిగా మందంగా ఉంటే మోర్టైజ్. పలుచగా ఉంటే ట్రై‌బోల్ట్ రిమ్ లాక్. రోజంతా మనుషులు వస్తూ పోతూ ఉండే ఇల్లైతే డిజిటల్, కానీ దానితోపాటు వేరే ఎత్తులో ఒక మామూలు డెడ్‌బోల్ట్ కూడా. ఊరెళ్లేటప్పుడు రెండోది వేసి వెళ్లొచ్చు.

ఊళ్లో పెద్దవాళ్ల ఇంటికి, నెలల తరబడి మూసి ఉండే ఇంటికి, డిజిటల్ జోలికి వెళ్లకండి. బ్యాటరీలు కారిపోతాయి, హెచ్చరిక శబ్దం వినేవాళ్లుండరు. మంచి లీవర్ కప్ప, లోపలి నట్లతో బిగించిన ఆల్‌డ్రాప్, పక్కింటి బాబాయిగారి దగ్గర ఒక చెవి.

షాపుకు వెళ్లేముందు, కార్పెంటర్ వెళ్లేముందు

చిక్‌పేట అయినా, మీ వీధి చివరి హార్డ్‌వేర్ షాపైనా, మూడు కొలతలు రాసుకుని వెళ్లండి. తలుపు మందం ఎంత, తలుపు అంచునుంచి చెవి రంధ్రం మధ్యకు ఎంత, సిలిండర్ అయితే మధ్య మర నుంచి బయటివైపు ఎంత, లోపలివైపు ఎంత. ఈ చివరిది 30/30, 30/40 అని రెండు అంకెల్లో చెబుతారు. పాత సిలిండర్‌నే విప్పి తీసుకెళ్తే ఇంకా మంచిది. తలుపు కుడివైపు తెరుచుకుంటుందా, ఎడమవైపా అన్నదీ చెప్పాలి, కొన్ని లాకులకు ఆ తేడా ఉంటుంది. ప్యాకెట్ మీ ముందే తెరిపించి, చెవులు లెక్కపెట్టుకోండి.

బిగించాక కార్పెంటర్‌ను వెంటనే పంపకండి. ముందు తలుపు తెరిచి ఉంచి చెవితో, నాబ్‌తో పదేసిసార్లు తిప్పండి. తర్వాత తలుపు మూసి అదే చేయండి. తెరిచినప్పుడు మెత్తగా తిరిగి, మూసినప్పుడు బిగుసుకుంటే లాక్‌లో తప్పు లేదు, స్ట్రైక్ ప్లేటు రంధ్రం జరిగింది. అతను అక్కడ ఉండగానే ఆ రంధ్రాన్ని సరిచేయించండి. వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది కాబట్టి పైకీ కిందకీ ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కువే వదలమనండి. డెడ్‌బోల్ట్ పూర్తిగా లోపలికి దిగుతోందా లేదా అన్నది నాలుక కొసకు కొంచెం లిప్‌స్టిక్ గానీ సుద్ద గానీ రాసి, తలుపు మూసి చెవి తిప్పితే తెలుస్తుంది, రంధ్రం అడుగున ఎక్కడ తగిలిందో మరక చూపిస్తుంది. తర్వాత ఇంట్లో అందరి చేతా, పిల్లల చేతా, పెద్దవాళ్ల చేతా, లోపలినుంచి ఒకసారి, బయటినుంచి ఒకసారి తీయించి చూసి, అప్పుడు డబ్బులివ్వండి.